గడ్డం పరీక్ష

నేను మనిషి ముఖం కంటే ముందు మెడ చూస్తాను. తర్వాత పళ్లు, ఆ తర్వాత మోకాళ్లు. పదహారేళ్లుగా ఆశా వర్కర్‌గా తిరిగినందుకు మిగిలిన అలవాటు ఇది. పెళ్లికి పోయినా పెళ్లికొడుకు పళ్ల మీద పసుపు గీతలు ఉన్నాయా లేవా అనే చూస్తాను. మా ఆయన భిక్షపతికి నన్ను నలుగురిలోకి తీసుకుపోవాలంటే భయం, ఇజ్జత్ తీస్తానట. తీస్తే తీస్తాను. మునుగోడు దాటాక మా దిక్కు ఊళ్లలో బోరు నీళ్లు మనుషుల్ని ఏం చేశాయో చూసినవాళ్లెవరూ ముఖాల అందం చూస్తూ కూర్చోరు.

మా సర్వేలో మూడు పరీక్షలుంటాయి. రూపాయి బిళ్ల కింద పడేసి మోకాళ్లు వంచకుండా తీయమంటాం. రెండు చేతులు చాపి, మడిచి, తల వెనక తాకించమంటాం. తల వంచి గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటాం. ఎముకల్లో ఫ్లోరైడ్ బాగా చేరిన మనిషికి ఈ మూడూ కష్టమే. చివరిదాన్ని మేం గడ్డం పరీక్ష అంటాం. అది చేసేటప్పుడు నా గుండె నా దగ్గర ఉండదు. గడ్డం అందకపోతే ఆ మనిషికి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఒక్కటీ లేదు. బిగిసిన మెడను మళ్లీ మెత్తగా చేసే మందు లేదు. రిజిస్టర్లో గీత పెట్టి, మంచి నీళ్లు తాగమని చెప్పి, లేచి వస్తాను.

నేనిప్పుడు చెప్పేది ప్రేమ్‌సాగర్ సార్ మెడ గురించి.

సార్‌ది మా ఊరే, చర్చి వాడ. పదకొండేళ్లప్పుడు నల్గొండ మిషన్ కాంపౌండులో ఒక ముసలి పాదిరి ఆయన చేతిలో వయొలిన్ పెట్టాడు. అక్కడి నుంచి మద్రాసు పోయి, సినిమా ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఎనిమిదేళ్లు వాయించాడు. మన చిన్నప్పటి పాటల్లో చరణం ముందు వయొలిన్లు గుంపుగా లేస్తాయే, ఆ గుంపులో ఒకడన్నమాట. పేరు ఎక్కడా పడలేదు. రెండు వేల పదిహేనులో, అరవై రెండేళ్ల వయసులో, ఒక ట్రంకు పెట్టె, రెండు వయొలిన్లు తీసుకుని తల్లి ఇంటికి తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. మద్రాసులో పక్క ఫ్లాటువాళ్లు చప్పుడని గొడవ చేసేవాళ్లట. ఇక్కడ పక్కింట్లో మేకలుండేవి, వాటికి అభ్యంతరం లేదు.

ఆయన తల్లి జానమ్మను నేను చిన్నప్పుడు చూశాను. చివరి పన్నెండేళ్లు నడుము, మెడ కొయ్యబారిపోయి, నేలను చూస్తూనే నడిచింది. కొడుకు మద్రాసు నుంచి వస్తే ఆమె ముందు నేల మీద చతికిలబడేవాడు. అట్లా కూర్చుంటే తప్ప కొడుకు ముఖం ఆమెకు కనబడేది కాదు. అది చూసిన మనిషి కాబట్టి నీళ్ల విషయంలో సార్‌కు పిచ్చి భయం. నల్లాలో కృష్ణ నీళ్లు రాకముందు చండూరు నుంచి డబ్బా నీళ్లు తెప్పించుకుని వంట కూడా వాటితోనే చేసుకున్నాడు. నల్లా వచ్చాక నల్లా నీళ్లు. బోరు నీళ్లతో ముఖం కడుక్కునేటప్పుడు కూడా పెదాలు బిగబట్టేవాడు. మా వాడ ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు, నేను నవ్వలేదు.

ఆయన వచ్చిన వారానికే రిజిస్టర్ పట్టుకుని పోయాను. తలుపు తీసే ఉంది. లోపల ఆయన వాయిస్తున్నాడు. నాకు సంగీతం తెలియదు, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా గడప దగ్గరే నిలబడిపోయాను. కింది తీగ మీద నుంచి ఒక నాదం మొదలై, ఆగకుండా, మెట్టు మెట్టుగా కాకుండా జారుతూ పైకిపోయింది, ఎక్కడో చివర సన్నగా నిలబడింది. అది తెగిపోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. తెగలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. పురిటి నొప్పుల దగ్గర కూడా కళ్లనీళ్లు రానిదాన్ని.

అదొక కాన్సర్టో అని తర్వాత చెప్పాడు. వెనక యాభై మంది ఆర్కెస్ట్రా ఉంటే ముందు ఒక్క వయొలిన్ నిలబడి వాయించేది. నూట డెబ్బై ఏళ్ల కిందట బెల్జియం దేశంలో ఒక వయొలిన్ విద్వాంసుడు తన చేతుల కోసం తానే రాసుకున్నాడట. ఆ కాలంలో అట్లా రాసుకున్నవాళ్లు చాలామంది, పోలాండువాళ్లు, హంగేరీవాళ్లు. తర్వాత వచ్చిన పెద్దమనుషులు అదంతా వట్టి ఆర్భాటం, లోతు లేదు అని పక్కన పడేశారు. ప్రపంచమంతా అవే నాలుగైదు కాన్సర్టోలను తిప్పి తిప్పి వాయిస్తోందని ఆయన మంట. ఆ పక్కన పడేసినవే ఆయన ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. మద్రాసు పాత పుస్తకాల అంగళ్లలో ఏరుకుని, సినిమా పాట వాయించి వచ్చిన రాత్రుళ్లు ఒంటరిగా సాధన చేశాడు. ఆర్కెస్ట్రాతో ఒక్కటీ, ఒక్కసారీ వాయించలేదు.

ఇంటికి పోయి ఫ్లాస్కులో చాయ్ పోసుకుని మళ్లీ వెళ్లాను. అంత గొప్పది విని ఉత్త చేతులతో రావడం నాకు నచ్చలేదు. సార్ ఒక గుక్క తాగి, మద్రాసులో ఇన్నేళ్లూ ఇలాంటి చాయ్ దొరకలేదన్నాడు. ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తొమ్మిదేళ్లు ఫ్లాస్కు మోశాను. నేను ఊళ్లో లేకపోతే మా అత్త అమృతమ్మ మోసింది.

ఆయన వాయిస్తుంటే మధ్యలో ఆగే చోట్లుండేవి. వయొలిన్ చంకకింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలతో ఏదో లెక్కపెడుతూ నిలబడేవాడు. ఒక్కోసారి రెండు నిమిషాలు, మొదట్లో అయితే ఇంకా ఎక్కువ. నేను ఆయన అలసిపోయాడనుకునేదాన్ని. ఆ సందుల్లోనే చాయ్ పోసిచ్చేదాన్ని, లెక్క తప్పకుండానే ఒక చేత్తో అందుకుని తాగేవాడు. అవి ఆర్కెస్ట్రా వాయించే చోట్లని, వాళ్లు లేకపోయినా వాళ్ల వంతు వాళ్లకు వదలాలని చాలా రోజుల తర్వాత చెప్పాడు. అప్పటికి ఆ సందులన్నీ నాకు కంఠతా వచ్చాయి.

ప్రతి జనవరిలో సర్వేకు పోయినప్పుడు సార్ తానే ముందుకొచ్చి గడ్డం పరీక్ష చేయించుకునేవాడు. స్టూలు మీద నిటారుగా కూర్చుని తల వంచేవాడు. గడ్డం ఛాతీకి తగిలేది. మధ్యలో ఎన్ని వేళ్లు పడతాయో చూడమనేవాడు. వేలు కాదు కదా, కాగితం కూడా పట్టదనేదాన్ని. అప్పుడు తల్లి ఫోటో వైపు ఒకసారి చూసి వయొలిన్ తీసుకునేవాడు. ఏడాదికి సరిపడా ధైర్యం తెచ్చుకున్నట్టు ఉండేది ఆ చూపు.

కిందటేడు వానాకాలంలో ఆయన వాయిస్తుంటే ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టాను. దాన్ని ఆతిఫ్ అనే అతను చూశాడు. నల్గొండ గాజుల వ్యాపారి కొడుకు, హైదరాబాదులో పడుచు పిల్లలతో ఒక ఆర్కెస్ట్రా నడుపుతాడు. వీడియో చూసిన రెండో రోజే బండేసుకుని మా ఊరికొచ్చాడు. సార్ వాయించినంతసేపూ గోడకానుకుని నిలబడి, అయిపోయాక ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఇంత శుద్ధంగా ఈ కాన్సర్టోను బతికున్న మనిషి వాయించగా తాను వినలేదని, రికార్డులు కూడా రెండో మూడో ఉన్నాయని అన్నాడు. తన నలభై మంది పిల్లల్ని తీసుకొస్తానని, ఆర్కెస్ట్రాతో వాయించాలని అడిగాడు. హైదరాబాదు వద్దు, నల్గొండలో చర్చి హాలు అయితేనే సరే అన్నాడు సార్, తాను మొదట వయొలిన్ పట్టింది అక్కడేనట. ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు అని తేదీ పెట్టుకున్నారు.

ఆ వారమంతా నాకు నేల మీద కాలు ఆనలేదు. ఆ కాన్సర్టో ఊళ్లో నాకొక్కదానికే తెలుసన్న గర్వం కూడా ఉంది, దాచుకోవడమెందుకు.

జనవరి ఆరున రిజిస్టర్ తీసుకుని సార్ ఇంటికి పోయాను. ఆయన స్టూలు తెచ్చుకోలేదు. ఈసారి వద్దు, ప్రోగ్రాం అయ్యాక చూద్దామన్నాడు. నేను కళ్లెత్తి మొదటిసారి పరీక్షగా చూశాను. వయొలిన్ కింద భుజం మీద వేసుకునే మడత గుడ్డ ఉంటుంది. ఎప్పుడూ ఒక్క తువ్వాల ఉండేది, ఇప్పుడు రెండున్నాయి, వాటి కింద ఒక చెక్కముక్క కూడా. గడ్డం ఆనే దగ్గర మైనం పెట్టి ఎత్తు చేసి ఉంది. మెడను వయొలిన్ దగ్గరికి వంచే మనిషి, వయొలిన్‌నే మెడ దగ్గరికి లేపుకుంటున్నాడు.

అడగలేదు. ఎవరింట్లోనైనా అయితే గడ్డం పట్టుకుని వంచి చూసేదాన్ని, నా నోరు అంత మంచిది కాదు. ఆయన్ను అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడిగితే అవునంటాడు, అవునంటే అది నిజమైపోతుంది. రిజిస్టర్లో ఆయన గడి ఖాళీగా వదిలి, చాయ్ పోసిచ్చి వచ్చేశాను. ప్రోగ్రాంకు ఇంకా నలభై మూడు రోజులున్నాయి.

నాలుగు రోజుల తర్వాత గొల్ల గుర్వయ్య ఇంట్లో సర్వేకు కూర్చున్నాను. కిందటేడు బాగానే ఉన్న మనిషి, ఈసారి రూపాయి బిళ్ల కోసం వంగి, సగంలో ఆగిపోయి, గోడ పట్టుకున్నాడు. ఫారంలో మొదటి ప్రశ్న అడిగాను, తాగే నీళ్లు ఎక్కడివని. నల్లా నీళ్లేనని ఒట్టేసి చెప్పాడు. అబద్ధమాడే మనిషి కాదు. మరి ఎట్లా అని నేను ఆలోచిస్తుంటే ఆయన భార్య చాయ్ పెట్టడానికి లేచింది. నల్లా బిందె పక్కనే ఉంది. ఆమె దాన్ని దాటిపోయి, పెరట్లో బోరు దగ్గరి బకెట్‌లోంచి చెంబు ముంచుకొచ్చి పొయ్యి మీద పెట్టింది.

అవేం నీళ్లని అడిగాను. చాయ్ నీళ్లని చెప్పింది.

నేను రిజిస్టర్ మూయకుండానే లేచాను. ఇల్లు రెండు సందుల అవతల, పరుగెత్తినట్టే పోయాను. మా వంటింట్లో స్టీలు బిందె ఒకటి, నీలం డ్రమ్ము ఒకటి ఉంటాయి. బిందెలో నల్లా నీళ్లు తాగడానికి, వంటకు. డ్రమ్ములో బోరు నీళ్లు, గిన్నెలకు. ఇంకా చాయ్‌కి. నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసనొస్తాయని, పాలు పొంగేటప్పుడు ఆ వాసన పైకి తేలుతుందని, మొదటి నుంచి చాయ్ డ్రమ్ములోంచే. దాన్ని ఎవరూ తప్పు అనుకోలేదు. నేను ఎన్ని వందల ఇళ్లలో బోరు నీళ్లు తాగొద్దని గొంతు చించుకున్నానో, ఆ ఇళ్లలో అందరూ మాట విన్నారు. తాగలేదు. చాయ్ పెట్టుకున్నారు. మా ఫారంలో చాయ్ నీళ్ల గడి లేదు, నా బుర్రలోనూ లేదు.

మా అత్త పొయ్యి దగ్గర కూర్చుని నన్ను వింతగా చూసింది.

"ఏమైందే, గట్ల నిలబడ్డవు?"

చాయ్ ఏ నీళ్లతో పెడుతున్నావని, తెలిసి తెలిసి అడిగాను.

"డ్రమ్ము నీళ్లే. తాగే నీళ్లు, చాయ్ నీళ్లు ఒకటెట్లయితయి?"

ఆ మాట విని నాకు కోపం కూడా రాలేదు. ఆమెను అక్కడే కూర్చోబెట్టి గడ్డం వంచమన్నాను. మూడు వేళ్లు పట్టాయి, వయసనుకున్నాను, అనుకోవాలని చూశాను. భిక్షపతిని పొలం నుంచి పిలిపించి చూశాను, ఒక వేలు. బడి నుంచి వచ్చిన నా బిడ్డ నాగరాణిని సంచి దించకముందే పట్టుకుని చూశాను. అందింది. దానికి చాయ్ ఇష్టం లేదు, చిన్నప్పటి నుంచి పాలే. ఆ పిల్లను పట్టుకుని ఎందుకంత గట్టిగా హత్తుకున్నానో దానికి అర్థం కాలేదు.

ఆ పూట లెక్క వద్దనుకున్నా వస్తూనే ఉంది. రోజుకు రెండు ఫ్లాస్కులు, ఒక్కో దాంట్లో మూడు గ్లాసులు, తొమ్మిదేళ్లు. ముఖం కడిగేటప్పుడు పెదాలు బిగబట్టే మనిషికి నా చేతులతో పోశాను. అదీ, ఆయన కళ్లు మూసుకుని ఆర్కెస్ట్రా వంతు లెక్కపెట్టుకునే చోట్ల.

మర్నాడు బిందె నీళ్లతో చాయ్ పెట్టి తీసుకుపోయాను. ఏమీ చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ప్రోగ్రాం ముందర చెప్తే మనసు విరిగి వాయించలేడేమోనని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు. సార్ గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క నోట్లో పట్టుకుని ఆగాడు. నాలుగో తీగ వెంట్రుకవాసి తగ్గితే పక్క గదిలోంచి కనిపెట్టే మనిషి ఆయన.

"నీళ్లు మార్చినవ్," అన్నాడు.

అబద్ధం చెప్పబోయి మానుకున్నాను. నిలబడే మొత్తం చెప్పేశాను. గుర్వయ్య ఇల్లు, డ్రమ్ము, తొమ్మిదేళ్లు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. తల్లి ఫోటో వైపు చూడబోయి, మెడ తిరగక, ఒళ్లంతా అటు తిప్పుకుని చూశాడు. అప్పుడు నేను కళ్లారా చూశాను.

"దసరా సంది వంగుతలేదు," అన్నాడు. "దిండు అనుకున్న. చలి అనుకున్న. చిన్నప్పుడు తాగిన నీళ్లు గిప్పుడు మోసం చేస్తున్నయ్ అనుకున్న. నీ చాయ్ అని నాకు ఒక్కనాడు తోచలే."

నేను ఏడుస్తూ కాళ్ల దగ్గర కూర్చోబోయాను. ఆయన వద్దని చెయ్యి ఊపాడు. చిన్నప్పటిదో, చాయ్‌దో, ముసలితనమో, ఏది ఎంతో ఎవరూ చెప్పలేరని మెల్లగా అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపల ఇంకో మాట అన్నాడు.

"రేపటి సంది రాకు, శోభా."

పోలేదు. ముప్పై ఎనిమిది రోజులు ఆ గడప తొక్కలేదు. కానీ సాధన టైముకు పక్కింటి మేకల కొట్టం వెనక నిలబడి విన్నాను. మొదటి భాగం బాగానే సాగేది. రెండోది మెల్లగా పోయే భాగం, నేను మొదటి రోజు గడప దగ్గర విన్నది అందులోదే. ఆ నాదం పైకి పోయి సన్నగా నిలబడే చోట ఎడమచెయ్యి తీగ చివరికి వస్తుంది, మెడ ఎడమకు తిరిగి కిందికి వాలాలి. రోజూ అక్కడ తెగేది. మళ్లీ మొదలుపెట్టేవాడు, మళ్లీ తెగేది. ఒకరోజు వరసగా పదకొండుసార్లు తెగింది, పన్నెండోసారి ఆయన మొదలుపెట్టలేదు. ఆ నిశ్శబ్దంలో నేను కొట్టం గోడ పట్టుకుని నిలబడ్డాను. అది ఆర్కెస్ట్రా వంతు కాదని నాకు తెలుసు. జానమ్మకు కూడా అంతా ఒక్కరోజులో కాలేదు. ఇవాళ ఇంత, రేపు ఇంకొంత అని బిగిసింది. పద్దెనిమిదో తేదీ దాకా ఆ మెడ ఆగుతుందా అని తప్ప నాకింకో ఆలోచన లేదు. తిండి సయించలేదు. నిద్ర లేక పొద్దున లేస్తే నా మెడ కూడా పట్టేసి ఉండేది, ఆ నొప్పిని పట్టించుకునే తీరిక లేదు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి చాయ్ నీళ్లు మార్చమని చెప్పాను. వాసనొస్తుందని విసుక్కున్నవాళ్ల మీద అరిచాను.

పదిహేడో తేదీ సాయంత్రం ఆతిఫ్ ఫోన్ చేశాడు. సార్ ఫ్లాస్కు తీసుకురమ్మన్నాడని చెప్పాడు. ఇంకేమైనా అన్నాడా అని అడిగాను. అంతేనన్నాడు.

ఆదివారం మా వాడంతా డీసీఎం వ్యాను ఎక్కి నల్గొండ పోయింది. చర్చి హాల్లో పిల్లల తల్లిదండ్రులు, పాత కాంపౌండు మనుషులు, మావాళ్లు కలిసి రెండు వందల మంది దాకా ఉన్నారు. పక్క గదిలో సార్ నల్ల కోటు వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను గ్లాసులో పోసి ఇచ్చాను. తాగాడు. మొత్తం తాగి గ్లాసు నా చేతికిచ్చాడు.

"కంపు కొడ్తాంది," అన్నాడు. వయొలిన్ అందుకుని, "గిట్లనే తే," అన్నాడు.

నేను ఫ్లాస్కు మూత బిగించి బయటికొచ్చాను.

ముందు వరసలో కూర్చున్నాను. ఆయన వేదిక మీదికొచ్చి, వయొలిన్ చంకకింద పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆతిఫ్ చెయ్యి లేపాడు. నలభై మంది పిల్లలు ఒక్కసారి వాయించారు.

తొమ్మిదేళ్లుగా నేను చాయ్ పోసిన సందులో ఇంత ఉందని నాకేం తెలుసు. పెద్ద చప్పుడు మెల్లగా లేచి, పడి, దాని లోపల ఇంకొకటి లేచి, ఆయన కోసం దారి చేస్తున్నట్టుగా వచ్చింది. సార్ పెదాలు కదులుతున్నాయి, ఎప్పటిలాగే లెక్క. ఆ ముఖం మీద నేనెప్పుడూ చూడని సంతోషం ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఆ సందుల్లో వింటున్నది ఇదన్నమాట. నేను దాంట్లో గ్లాసుల చప్పుడు చేశాను. తర్వాత ఆయన వయొలిన్ లేపాడు. చెక్క, మైనం, తువ్వాలలు అన్నీ కలిపి గడ్డం కిందికి దూర్చుకున్నాడు, మెడ మాత్రం స్తంభంలా నిలబడే ఉంది.

మొదటి భాగం నేను వినలేదు, చూశాను. చేతులు ఎట్లా పరుగెత్తాయో జనం చూశారు, నేను చెవి కింద నరం చూశాను. అది లేస్తూ ఉంది. నుదుటి మీద చెమట కారి కంట్లో పడినా తల విదిలించలేకపోయాడు. నా చేతిలో ఫ్లాస్కు మూత ఎప్పుడు పగిలిందో తెలియదు.

రెండో భాగం వచ్చింది. ఆ నాదం కింది తీగ మీద మొదలైంది. నేను దాన్ని లోపల అనుసరిస్తూ పోయాను, ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని. అది తెగే చోటు దగ్గరికొచ్చింది. అప్పుడు సార్ ఒక పని చేశాడు. మెడ వంచడానికి బదులు ఎడమ మోకాలు వంచాడు, నడుము పక్కకు వాల్చాడు, మెడ తిరగకుండా ఒళ్లు మొత్తాన్ని వయొలిన్ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు తల్లి ఫోటోను చూడటానికి తిరిగినట్టే. తల్లికి కనబడటానికి నేల మీద కూర్చున్న మనిషికి ఒంటిని ఎట్లా మలుచుకోవాలో తెలుసు. నాదం పైకి పోయింది. చివర సన్నగా నిలబడింది. ఒక్క క్షణం వణికింది, తెగలేదు.

చివరి భాగంలో ఒక చోట వేలు జారింది. ఆతిఫ్ ఉలిక్కిపడ్డాడు. సార్ ఆగలేదు, తర్వాతి మెట్టు దగ్గర అందుకుని చివరిదాకా వాయించాడు. అయిపోయింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాత కాంపౌండు ముసలివాళ్లు ఏడుస్తున్నారు. ఆతిఫ్ నడుము దాకా వంగి దండం పెట్టాడు. పిల్లలంతా లేచి తలలు వంచారు, ఆ పద్ధతి అట్లా ఉంటుందట. మధ్యలో సార్ ఒక్కడే నిటారుగా నిలబడ్డాడు. నడుము కొంచెం వంచబోయి ఆగిపోయాడు. జనం చప్పట్లు కొడుతూనే ఆయన తల వంచడం కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన వంచలేదు. నా వెనక కూర్చున్న ఒకాయన గింత గర్వమైతే ఎట్లా అని పక్కవాడితో అన్నాడు.

వెనక్కి తిరిగి ఆయన గూబ గుయ్యిమనిపించేదాన్నే. కానీ చెప్పడానికి నాకేం ముఖముంది. సార్ గర్వం కాదది, నా చాయ్. నేను లేచి, సార్‌కు ఎదురుగా నిలబడి, ఆయన వంచలేని తలకు బదులు నాది వంచాలనుకున్నాను. కళ్లు మూసుకుని తల దించాను.

మెడ వెనక ఏదో పట్టింది. ఇంకొంచెం దించాను. దిగలేదు. బలం పెట్టాను, నొప్పి వీపులోకి పాకింది. గడ్డం కింద చెయ్యి పెట్టి చూసుకున్నాను, అలవాటు కొద్దీ. రెండు వేళ్లు పట్టాయి. ఇంట్లో అందరికీ చేసిన పరీక్ష నాకు నేను చేసుకోలేదు. ఆ డ్రమ్ము చాయ్ అందరికంటే ఎక్కువ తాగింది నేనే.

తల ఎత్తేసరికి చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. సార్ జనం వైపు చూడటం లేదు. నా మెడ వైపు చూస్తున్నాడు.